‘వద్దు’ చివర వచ్చే భాష

తుంగిడిపప్పు అనే వంటకం ఈ భూమ్మీద లేదు. ఆ పేరు నేనే పెట్టాను. దాన్ని ఎలా వండాలో చెబుతూ ఆరు వెబ్ పేజీలు కూడా నేనే రాయించాను. ఆరింటిలోనూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే విషయం. ఒకదాంట్లో మాత్రం ‘తుంగిడిపప్పు’ అన్న మాట బోల్డ్‌లో, లావుగా ఉంటుంది. ఇంకోదాంట్లో వాలుగా, మరోదాంట్లో ఎర్రగా, ఒకదాంట్లో కింద గీతతో, ఒకదాంట్లో పెద్ద సైజులో. ఆరోది సాదా. లోకంలో ఎవరూ వాడని మాట కాబట్టి సెర్చ్‌లో వెతికితే ఈ ఆరే దొరకాలి. వాటిలో ఏది ముందు వస్తుందన్నదే పరీక్ష.

నా పేరు హైమవతి. విశాఖలో, రుషికొండ మీద ‘ఆచూకీ’ అనే సెర్చ్ ఇంజన్ కంపెనీ ఉంది. దాని ప్రయోగశాలకు నేను పెద్దని. అక్షరాల సోకు చూసి పేజీకి ర్యాంకు వస్తుందా రాదా అని వెబ్‌సైట్లు నడిపేవాళ్లు ఏళ్ల తరబడి జుట్టు పీక్కుంటున్నారు. మా పాత ఆచూకీని అడిగితే రాదనే చెప్పేది. ఆరు పేజీల వరస రోజుకో రకంగా మారేది. బోల్డ్ అయినా సాదా అయినా దానికి ఒకటే, ఎందుకంటే దానికి కళ్లు లేవు. పేజీ వెనక ఉండే రాత మాత్రమే దానికి అందేది.

కళ్లు నేను పెట్టాను. గొప్పలు చెప్పుకుంటోంది అనుకుంటే అనుకోండి, చేసింది చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు. నలభై వేల మంది పేజీలు చదువుతుంటే వాళ్ల చూపు ఎక్కడ ఆగిందో, ఎక్కడ జారిపోయిందో వాళ్ల అనుమతితోనే రికార్డు చేశాం. అదంతా యంత్రానికి నేర్పాం. దానికి ‘చూపు’ అని పేరు పెట్టాం. చూపు పేజీని మనిషిలాగే చూస్తుంది. మనిషి కన్ను లావక్షరం దగ్గర ఆగుతుంది కాబట్టి ఇదీ ఆగుతుంది, అసలు విషయం అక్కడే ఉందనుకుంటుంది. ఎవరైనా ఫోన్లో నోటితో ప్రశ్న అడిగితే ఆ ముక్కనే తీసుకుంటుంది. అది సగం వాక్యమైతే అతికి నిండు వాక్యం చేసి జవాబు చెబుతుంది. ఆ అతకడం దానికి నేర్పింది కూడా నేనే.

పని మొదలెట్టిన తొమ్మిదో నెలలో చూపుని తుంగిడిపప్పు గురించి అడిగాం. బోల్డ్ పేజీ మొదట వచ్చింది. మర్నాడూ అదే. నలభై రోజులు అడిగినా అదే. మా డైరెక్టర్ రంగనాయకులుగారు టీ గ్లాసు పక్కన పెట్టి తలుపు వేశారు.

“ఇది గడప దాటకూడదు హైమా. దాటిందంటే రేపట్నుంచి ప్రతివాడూ శీర్షిక మొదలు చిరునామా దాకా లావు చేసి పారేస్తాడు.”

“నా నోట్లో నువ్వుగింజ నానదనుకున్నారా సార్?” అన్నాను.

నానలేదు. ఆదివారం మధ్యాహ్నం దాకా కూడా నానలేదు.

ఆ ఆదివారం బొబ్బిలి దగ్గర మా అమ్మ ఇంటికి వెళ్లాను. అమ్మ పేరు అప్పలనరసమ్మ. సాలూరు వైపు పల్లెల్లో ముప్పై ఒక్క ఏళ్లు నర్సుగా చేసి రిటైరైంది. ఊళ్లకు ఊళ్లు ఆవిడని సిస్టరమ్మ అనే పిలుస్తాయి. ఊరికే కూర్చోవడం ఆవిడ వల్ల కాదు. అందుకని ‘సిస్టరమ్మ మాట’ అని ఒక వెబ్‌సైటు మొదలెట్టింది. తేలు కుడితే ఏం చేయాలి, పిల్లలకు వాంతులవుతుంటే ఏం పట్టాలి, పాము కరిస్తే ఏం చేయకూడదు, అన్నీ సాదా అక్షరాల్లో తనే రాసుకునేది. రోజుకు పన్నెండు మంది చూస్తే ఎక్కువ. పాముకాటు అని వెతికితే మంత్రాలు, పసర్లు, తాయెత్తులు ముప్పై పేజీలు దాటాక అమ్మ పేజీ కనబడేది.

తమ్ముడు సన్యాసిరావు కూడా వచ్చాడు. విజయనగరంలో గంటస్తంభం దగ్గర వాడికి ఒక చిన్న ఆఫీసుంది. వెబ్ పేజీలకు ముస్తాబు చేసి సెర్చ్‌లో పైకి తేవడం వాడి పని. చేపల పులుసు వడ్డిస్తూ అమ్మ తన గోడు మొదలెట్టింది.

“తాయెత్తులోడి పేజీ ముందొస్తాది, నాది ఎనకాల. ముప్పై ఏళ్లు సూదులేసినదాన్ని నేను. ఆడేటి పొడిచీసాడు?”

“నీ పేజీకి రంగూ లేదు, హంగూ లేదు. రేషను కార్డులాగుంటాదమ్మా,” అన్నాడు సన్యాసి.

“అన్నీ ఉన్న విస్తరి అణిగిమణిగి ఉంటాది. ఏమీ లేని విస్తరి ఎగిరెగిరి పడతాది.”

“అణిగున్న విస్తరి ముందు ఎవుడూ కూకోడం లేదు కదమ్మా.”

అమ్మ గరిటె గిన్నెలో పెట్టేసింది. అక్కడ నా నోరు జారింది. అమ్మ మొహం చూసి జాలేసిందని చెప్పుకోవచ్చు, కానీ అది సగమే నిజం. నేను కనిపెట్టింది నా వాళ్లకైనా చెప్పుకోవాలన్న దురద మిగతా సగం.

“జనం వెతికే మాటల్ని లావు చెయ్యరా, చూద్దువుగాని,” అన్నాను. “ఈ మూడు జిల్లాల్లో ప్రయోగానికి చూపునే నడుపుతున్నాం.”

సన్యాసి అన్నం కలుపుతున్న చెయ్యి ఆపాడు. “ఒట్టేనా అక్కా?”

“ఒట్టు.”

మర్నాడే వాడు అమ్మ సైటుని ముందేసుకుని కూర్చున్నాడు. నాలుగు రోజుల్లో ‘సిస్టరమ్మ మాట’ మొదటి వరసకు ఎక్కింది. తాయెత్తులు కిందికి పోయాయి. ఒక్కరోజులో తొమ్మిది వేల మంది చూశారు. అమ్మ నాకు పూటపూటా ఫోన్ చేసి ఆ అంకె చదివి వినిపించేది. “ఒలమ్మా, మా సాలూరు ఆస్పత్రి మొత్తంలో ఇంతమందిని చూళ్లేదే నేను,” అని నవ్వేది. నాకు గాల్లో తేలినట్టుండేది. నా శాస్త్రం మా అమ్మ మాటని ఇంటింటికీ మోసుకెళుతోంది, ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాను.

మార్చి నెలాఖరులో జీడిపిక్కలు ఏరే పనులు మొదలయ్యాయి. సాలూరు అవతల ఒక జీడితోటలో పైడితల్లి అనే ఆమెను పగటిపూట రక్తపింజరి కాటేసింది. ఎండుటాకుల్లో కాలు పెట్టింది, పాదం మీద కరిచింది. ఆమె ఇద్దరు పిల్లల పురుళ్లూ పోసింది మా అమ్మే. పక్కనే ఉన్న మొగుడు గౌరినాయుడు ఫోన్ తీసి అడిగాడు.

“పాము కరిసీసింది, ఏటి సెయ్యాల?”

ఫోను తడుముకోకుండా చెప్పింది. “సిస్టరమ్మ మాట ప్రకారం, పాము కరిస్తే కాటుకు పైన తాడు గట్టిగా కట్టాలి.”

ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు చెప్పి ఉంటే గౌరినాయుడు సందేహించేవాడేమో. సిస్టరమ్మ పేరు విన్నాక ఇంక సందేహం దేనికి? జీడిపిక్కల సంచి మూతికి కట్టే నైలాన్ తాడు విప్పి బలమంతా పెట్టి బిగించాడు. ఆటో దొరికి పెద్దాసుపత్రికి చేరేసరికి రెండున్నర గంటలు పట్టింది. వదులవుతోందేమోనని దారిలో రెండుసార్లు మళ్లీ బిగించాడు. విషానికి విరుగుడు మందు పనిచేసింది, ప్రాణం దక్కింది. పాదం మాత్రం నల్లబడిపోయింది. తొమ్మిదో రోజున డాక్టర్లు రెండు వేళ్లు తీసేశారు.

అమ్మ అంతకు ముందే, రెండో రోజునే పలకరించడానికి వెళ్లింది. గౌరినాయుడు లేచి నిలబడి దండం పెట్టాడట.

“నువ్వు సెప్పినట్టే సేసినాను సిస్టరమ్మా. ఒగ్గకుండా బిగించినాను.”

అమ్మ నాకు ఫోన్ చేసింది. ఆ గొంతు నేను అంతకుముందు ఎన్నడూ వినలేదు. “నేను కట్టమన్నానే హైమా? నా బతుకులో ఎప్పుడైనా, ఎవులికైనా తాడు కట్టమన్నానా?”

రెండు గంటల్లో ఆస్పత్రికి చేరాను. వరండాలో నిలబడి నా ఫోన్లోనే అడిగాను. అదే జవాబు, అదే తియ్యటి గొంతు. అమ్మ పేజీ తెరిచాను. అమ్మ రాసిన వాక్యం ఇది: ‘పాము కరిస్తే కాటుకు పైన తాడు గట్టిగా కట్టడం ఎట్టి పరిస్థితిలోనూ చేయవద్దు.’ అందులో ‘కట్టడం’ దాకా లావుగా ఉంది. ‘ఎట్టి పరిస్థితిలోనూ చేయవద్దు’ అన్నది సాదాగా ఉంది. సన్యాసి నేను చెప్పినట్టే చేశాడు, జనం వెతికే మాటల్ని లావు చేశాడు. ‘చేయవద్దు’ అని ఎవరూ వెతకరు కదా.

చూపు ఆ లావు ముక్కని పట్టుకుంది. అది సగం వాక్యం. నేను నేర్పిన విద్యతోనే దాన్ని ‘కట్టాలి’ అని అతికింది.

మేం చూపుకి మొదట చదువు చెప్పిన ఇంగ్లీషులాంటి భాషల్లో వద్దనే మాట వాక్యం ముందరే వస్తుంది. ముందు భాగాన్ని లావు చేస్తే ఆ కాదనడం కూడా లావు ముక్కలోనే ఉండిపోతుంది. తెలుగులో అలా కాదు. మనం సాంతం చెప్పి చివర్న వద్దంటాం. ఈ సంగతి నాకు మాటలు వచ్చిన నాటి నుంచీ తెలుసు. అన్నం తిన్నంత మామూలుగా తెలుసు. పదకొండు నెలల్లో ఒక్కరోజు కూడా గుర్తు రాలేదు. ఆ వరండాలో నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

అక్కణ్నుంచే ఆఫీసుకు ఫోన్ చేసి ఆ జవాబుని ఆపించాను. మర్నాడు పొద్దున్నే ప్రయోగశాలలో కూర్చుని, మూడు జిల్లాల్లో చూపు ఇచ్చిన జవాబులు బయటికి తీయించాను. అసలు పేజీలో వద్దు, కూడదు అని ఉన్నవి పదకొండు వందల నలభై. అందులో రెండు వందల పన్నెండు తిరగబడ్డాయి. కాలిన చోట టూత్‌పేస్టు రాయాలి. పెద్దల మాత్ర పిల్లలకు సగం చేసి ఇవ్వాలి. తెగిపడిన కరెంటు తీగను కర్రతో తీయాలి. అన్నీ మంచివాళ్లు మంచి కోరి రాసిన పేజీలే. అన్నింటిలోనూ ఎవరో ఒకరు ముందు మాటల్ని లావు చేశారు.

కాగితం తీసుకుని రంగనాయకులుగారి గదిలోకి వెళ్లాను. ఆయన రెండుసార్లు చదివారు.

“పది రోజుల్లో దేశమంతా ప్రారంభం పెట్టుకున్నాం. పాము పేజీ సరిచేశాం కదా. ముందు ప్రారంభం కానీ, మిగతావి ఒక్కొక్కటే చూసుకుందాం,” అన్నారు.

“ఆ ఒక్కటీ మా అమ్మది కాబట్టి తెలిసింది సార్. మిగతా రెండు వందల పదకొండూ ఎవరి అమ్మలవో.”

“పదకొండు నెలల కష్టం హైమా. నీ కష్టమే.”

“నా కష్టమే. అందుకే ఆపమనే హక్కు కూడా నాదే. ఇంకో సంగతి. బోల్డ్ విషయం గడప దాటించింది నేనే. మా తమ్ముడికి చెప్పాను. వాడు మా అమ్మ పేజీని లావు చేశాడు.”

ఆయన కాగితం మడిచి పక్కన పెట్టారు. “నువ్వు ఆ మాట నాకు చెప్పకుండా ఉండాల్సింది. చెప్పాక నిన్ను ఆ కుర్చీలో ఉంచలేను.”

“తీసేయండి సార్. ముందు చూపుని ఆపండి.”

సాయంత్రం నాలుగింటికి మూడు జిల్లాల్లోనూ చూపుని ఆపేశారు. ప్రారంభం వాయిదా పడింది. నా గది బయట పేరుబోర్డు తీసేశారు. మామూలు ఇంజనీర్ల బల్ల చివర నాకు చోటిచ్చారు. కుర్చీ పోయింది గానీ బుర్ర పోలేదు. దీన్ని నాకంటే బాగా సరిచేయగలవాళ్లు ఆ కొండ మీద ఎవరూ లేరని నాకు తెలుసు, వాళ్లకీ తెలుసు. ఏడు వారాలు పట్టింది. ఇప్పుడు చూపు లావు ముక్క దగ్గర ఆగినా అక్కడితో సరిపెట్టుకోదు. వాక్యం చివరి క్రియ దాకా చదివి తీరాలి. సగం వాక్యాన్ని అతికే పని పూర్తిగా మాన్పించాను. పేజీకి ర్యాంకు ఇచ్చేది అక్షరాల లావు చూసి కాదు, ఎంతమంది మొదలుపెట్టి చివరిదాకా చదివారో చూసి. మళ్లీ ఆరు పేజీలతో పరీక్ష పెట్టాను. వరస రోజుకో రకంగా మారింది. బోల్డ్‌కి దక్కిన విలువ దేవుడిచ్చింది కాదు, మేం ఇచ్చింది. ఇచ్చినవాళ్లమే తీసేసుకున్నాం.

యంత్రం బాగుపడింది గానీ అమ్మ బాగుపడలేదు. సైటు మూసేస్తానంది.

“నా పేరు చెప్పి ఒక ఆడకూతురి కాలివేళ్లు తీసీసారు. ఇంక నా మాట ఎవులికీ వద్దు.”

“నీ మాటలో తప్పు లేదమ్మా, నా యంత్రంలో ఉంది,” అన్నాను.

“ఆ మాట పైడితల్లికి చెప్పు.”

చెప్పడానికే వెళ్లాం, అమ్మా నేనూ సన్యాసీ. పైడితల్లి వాకిట్లో గోడకి ఆనుకుని, పాదానికి గుడ్డ చుట్టుకుని కూర్చుంది. గౌరినాయుడు మమ్మల్ని చూసి దూరంగా వెళ్లి గట్టు మీద కూర్చున్నాడు. ఆ తాడు బిగించిన చేతులు తనవేనని అతను ఇంకా మరిచిపోలేదు.

నేను దాచకుండా మొత్తం చెప్పాను. యంత్రం నాది, దాన్ని మీ దగ్గర ప్రయోగం చేసింది నేను, రహస్యం చెప్పింది నేను, లావు చేసింది మా తమ్ముడు. సన్యాసి తలెత్తలేదు. “నాదే తప్పమ్మా” అని మాత్రం అన్నాడు. అమ్మ తను రాసిన వాక్యం ఆమెకు చదివి వినిపించింది. పైడితల్లి సాంతం విని, మొహం చిట్లించింది.

“సిస్టరమ్మా, నానొకటడుగుతాను, కోప్పడకు. సంటిది పొయ్యికాడికి పాకతంటే నువ్వేటంతావు?”

“వద్దంటాను.”

“కాదు. ఎలాగంతావో అలాగను.”

అమ్మ నిజంగానే ఎదురుగా పిల్ల పాకుతున్నట్టు అరిచింది. “వద్దొద్దొద్దు! పొయ్యి ముట్టుకోవద్దు!”

“మరి! ముందు వద్దంతావు. ఆ తరవాత కదా ఏటొద్దో సెప్తావు. నోటితో అలాగనీదానివి, రాతలో తీసికెళ్లి కొసాకరికి ఎందుకెట్టినావు?”

నా పన్నెండేళ్ల చదువూ పదకొండు నెలల ప్రయోగమూ ఆ వాకిట్లో చల్లబడ్డాయి. నిజమే. పుస్తకాల తెలుగులో వద్దు చివర వస్తుంది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాట్లాడే తెలుగులో ముందొస్తుంది. ఆ తేడా నాకు గానీ అమ్మకు గానీ తట్టలేదు, కాలివేళ్లు పోగొట్టుకున్న మనిషికి తట్టింది.

అమ్మ ఫోన్ తీసింది. “చెప్పవే, నువ్వు చెప్పినట్టే రాస్తాను. సైటు మూసీయను.”

“రాయి. అయితే నీ పేరుతో వద్దు,” అంది పైడితల్లి. “నీకేటి, నర్సువి, నువ్వెన్నైనా సెప్తావు. నా పేరెట్టు. కాలు నాది.”

అమ్మ కళ్లు తుడుచుకుని రాయడం మొదలెట్టింది. పైడితల్లి చెబుతుంటే మధ్యలో ఒక్క మాట కూడా దిద్దలేదు. గౌరినాయుడు గట్టు దిగి వచ్చి దగ్గర నిలబడి విన్నాడు. ఆ పేజీ ఇప్పటికీ అలాగే ఉంది. బోల్డ్ లేదు, రంగు లేదు, గీత లేదు.

‘వద్దు, వద్దు. తాడు కట్టొద్దు. కొయ్యొద్దు. నోటితో పీల్చొద్దు. నా పేరు పైడితల్లి. మా ఆయన తాడు కట్టినాడు. నాకు రెండు కాలివేళ్లు పోనాయి. కాలు కదపకుండా 108కి ఫోన్ చేసి బేగి పెద్దాసుపత్రికి ఎల్లండి.’

మే నెలాఖరులో చూపుని మళ్లీ నడిపారు. సన్యాసి ఆ పేజీని ముట్టుకోలేదు, ముట్టుకోనివ్వలేదు. దాన్ని తెరిచినవాళ్లు మొదటి ‘వద్దు’ దగ్గర ఆగి, చివరి మాట దాకా చదువుతున్నారని చూపు గమనించింది. రెండు వారాల్లో మొదటి వరసకు తెచ్చి పెట్టింది.

జులై రెండో వారంలో ఒక పొద్దున్న అమ్మ ఫోన్ చేసింది. తన దగ్గర పని నేర్చుకున్న నర్సొకామె పెద్దాసుపత్రిలో ఉంది, ఆమె చెప్పిందట. పాచిపెంట వైపు నుంచి ఒక ముసలమ్మను కొడుకులు 108లో తీసుకొచ్చారు. పింజరి కాటు. కాలు కదలకుండా దుప్పటి మడతల మీద పెట్టి ఉంది. తాడు లేదు, కోసిన గాటు లేదు. కాలు నిక్షేపంగా దక్కుతుందని చెప్పి, డాక్టరు ఆశ్చర్యంగా అడిగాడట, అందరూ కట్టుకొస్తారు, మీరు తాడు కట్టలేదేం అని.

పెద్దకొడుకు ఏదో తప్పు చేసి దొరికినవాడిలా చేతులు కట్టుకుని అన్నాడట.

“పైడితల్లి వద్దంది బాబూ.”